కడుపుతో ఉన్నవారికి పళ్లు చూసే ఆసుపత్రి, ఒంగోలు: నాలుగు స్టార్లు, రెండంతస్తుల మెట్లు

ఒంగోలులో కర్నూలు రోడ్డు వైపు, మందుల దుకాణం పైన ఉన్న ఈ పళ్ల ఆసుపత్రికి అయిదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ మెట్ల ఖాతాలో వేసుకోండి. గర్భిణులకు ప్రత్యేక శ్రద్ధ అని బోర్డు మీద రాసుకున్నవారు రెండో అంతస్తు దాకా లిఫ్టు లేకుండా ఎక్కిస్తే ఎలా? మలుపులో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అది కూడా ఎవరో గట్టిగా అడిగాకే వేసి ఉంటారని నా అనుమానం.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇప్పుడు ఆరో నెల. మూడో నెల నుంచే చిగుళ్లలో రక్తం. బ్రష్ పెట్టీ పెట్టగానే నురుగు ఎర్రబడేది. కింది దవడ పన్నొకటి పిప్పి పట్టి, చల్లటి మజ్జిగ తగిలినా జివ్వుమనేది. మా ఇంటికి దగ్గర్లోని వేరే డాక్టరు నోరు తెరవమని కూడా అనకుండా ‘కాన్పయ్యాక రండమ్మా’ అని పంపేశారు. కాన్పు దాకా ఆ పన్నుతో అన్నం ఎలా తినాలో మాత్రం చెప్పలేదు. ఆ తర్వాత మా స్కూల్లో తోటి టీచరు ఈ ఆసుపత్రి పేరు చెప్పింది.

ఇక్కడ నాకు నచ్చిన మొదటి విషయం, కుర్చీలో కూర్చోబెట్టే ముందు డాక్టరు గారు అడిగిన ప్రశ్నలు. ఎన్నో నెల, బీపీ ఎంత, షుగరు పరీక్ష అయిందా, ఏ మాత్రలు వాడుతున్నారు, వేవిళ్లు ఎంతకాలం ఉన్నాయి, ఇవన్నీ ఎవరైనా అడుగుతారనుకుందాం. ఆవిడ అక్కడితో ఆగలేదు. అమ్మకు పళ్లు ఎన్నేళ్లప్పుడు కదలడం మొదలైంది? నాన్నగారికి మొత్తం పళ్లు వచ్చాయా, ఏవైనా అసలు మొలవలేదా? మేనత్తలు, బాబాయిల సంగతేమిటి? చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారు? ఒక తెల్ల కాగితం తీసి ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు చదరాలు గీసి, మా రెండు వైపుల వాళ్లనూ గీతలతో కలిపారు. పెళ్లిచూపుల్లో కూడా మా వంశం గురించి ఇంత ఓపికగా అడిగినవారు లేరు.

మా నాన్న వాళ్లది కనిగిరి దగ్గర పల్లె. మా ఇంట్లో నాన్నకు, మేనత్తకు, నాకు, తమ్ముడికి ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు, అక్కడక్కడా సున్నం చల్లినట్టు మచ్చలు. ఎంత తోమినా పోవు. పళ్లపొడులు, ఉప్పూ బొగ్గూ, నిమ్మచెక్క అన్నీ అయ్యాయి. ‘వాళ్ల వంశమే గార పళ్ల వంశం’ అని చుట్టాలు తేల్చేశారు. నాకు వచ్చిన ఒక సంబంధం ఆ మాట మీదే వెనక్కి పోయింది. (పోతే పోయింది, ఆ అబ్బాయికి ఎక్కాలు కూడా సరిగా రావని తర్వాత తెలిసింది.) కడుపులో బిడ్డ పడ్డాక మా అత్తగారు కూడా నెమ్మదిగా అదే అడగడం మొదలుపెట్టారు, పిల్లకో పిల్లవాడికో ఈ పళ్లే వస్తాయా అని.

డాక్టరు గారు ఆ కాగితం మీదే మాకు సమాధానం చూపించారు. మా అమ్మది చీరాల. పెళ్లయి వచ్చి ముప్పై ఏళ్లకు పైగా నాన్న ఊరి బోరు నీళ్లే తాగింది, ఆవిడ పళ్లకు ఒక్క చార లేదు. బాబాయి ఉద్యోగరీత్యా విశాఖపట్నం వెళ్లిపోయాడు. ఆయన పళ్లు మా నాన్నవాటిలాగే ఉంటాయి, అక్కడే పుట్టి పెరిగిన ఆయన పిల్లలిద్దరివీ తెల్లగా ఉంటాయి. రక్తంలో ఉన్న గుణమే అయితే బాబాయి పిల్లలకు కొంతైనా రావాలి కదా. నీళ్లు పైపైన పట్టే మరకే అయితే అమ్మకు కూడా పట్టాలి కదా. రెండూ జరగలేదు. పై ముందు పళ్ల గట్టి పొర, అంటే ఎనామిల్, పుట్టిన కొన్ని నెలలకు మొదలై నాలుగైదేళ్ల వయసు దాకా చిగురు లోపలే తయారవుతుందట. ఆ కాలంలో తాగే నీళ్లతో పాటు ఫ్లోరైడ్ అనే ఖనిజ పదార్థం ఒంట్లోకి ఎక్కువగా పోతే ఆ పొర సరిగా గట్టిపడదు, పన్ను బయటికి వచ్చాక రంగు పడుతుంది. అమ్మ ఆ ఊరికి వచ్చేనాటికి ఆవిడ ఎనామిల్ ఎప్పుడో తయారైపోయింది. ఇన్నేళ్లూ మా వంశం మోసిన నింద బోరుబావిదన్నమాట.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఆ జిల్లాలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటున్నాయని వైద్యులు రాశారు. మా ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. జిల్లా కంటే ఆ కాగితాలే పాతవి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. మరిగిస్తే పోతుందని మా ఊళ్లో ఇప్పటికీ అనుకుంటారు. మరిగిస్తే నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ అక్కడే ఉంటుంది, కాబట్టి ఇంకాస్త చిక్కబడుతుంది. లెక్కల టీచరుకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అయితే నీళ్ల మీద అన్నీ తోసేయడానికి కూడా ఆవిడ ఒప్పుకోలేదు, అదే నాకు బాగా నచ్చింది. నాకు పై వరుసలో ముందు పళ్ల పక్కన ఉండాల్సిన చిన్న పన్ను ఎడమవైపు లేదు, కుడివైపుది మేకు మొనలా సన్నగా ఉంటుంది. నాన్నకు రెండూ లేవు. మేనత్తకు ఒకటి లేదు. ‘ఇది మాత్రం మీ వంశానిదే’ అన్నారు. కొన్ని పళ్లు అసలు మొలవకపోవడం, సన్నగా మొలవడం ఇళ్లలో వరుసగా వస్తాయి. ఒకే ఇంట్లో ఒకరికి లేకుండా పోతుంది, ఒకరికి చిన్నదిగా వస్తుంది, ఇంకొకరిని అసలు తాకదు. పాలపళ్లు మామూలుగానే రావచ్చు. శాశ్వతంగా ఉండే ఆ పన్ను ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసులో వస్తుంది కాబట్టి అప్పుడు రాకపోతే ఎక్స్‌రే తీయించాలి, అంతకుముందు కంగారు పడవద్దు అన్నారు. బిడ్డకు వస్తుందా రాదా అని మా అత్తగారు నిలదీశారు. ‘రావచ్చమ్మా, రాకపోవచ్చు, కడుపులో చూసి చెప్పే పని నాది కాదు’ అని నవ్వేశారు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పి డబ్బు తీసుకునేవాళ్లను చూసి ఉన్నాను, అందుకే ఆ నవ్వు నాకు గుర్తుండిపోయింది.

చిగుళ్ల విషయానికి వస్తే వంశం, గర్భం రెండూ కలుస్తాయి. అమ్మకు నలభై అయిదు దాటకముందే దవడ పళ్లు కదిలి పోయాయి. అమ్మమ్మకూ అంతే. చిగుళ్ల జబ్బుకు లొంగే స్వభావం కొంత పుట్టుకతో వస్తుందట. అమెరికాలో 117 జతల కవలలను పరీక్షించి 2000లో వెలువరించిన ఒక అధ్యయనం, పెద్దవాళ్లలో ఈ జబ్బు ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండటంలో దాదాపు సగం వంశం వల్లేనని లెక్కకట్టింది. మిగతా సగం పాచి, పొగాకు, షుగరు లాంటివాటిది. కాబట్టి ‘మా అమ్మకు పోయాయి, నాకూ పోతాయి’ అని చేతులు ముడుచుకుంటే సగం లెక్క వదిలేసినట్టే.

దీనికి గర్భం తోడైతే ఏమవుతుందో నా నోరే సాక్ష్యం. ఈ నెలల్లో ఒంట్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు బాగా పెరుగుతాయి. మామూలప్పుడు ఊరుకునే కొద్దిపాటి పాచికి కూడా చిగుళ్లు ఎర్రబడి, ఉబ్బి, రక్తం కారుస్తాయి. రెండు మూడు నెలల మధ్య మొదలై ఎనిమిదో నెలకు ముదిరి, కాన్పయ్యాక చాలావరకు తగ్గుతుంది. కొందరికి పళ్ల మధ్య ఎర్రటి బుడిపె లాంటిది కూడా వస్తుంది. దాని ఇంగ్లీషు పేరులో ట్యూమర్ అన్న మాట ఉంది కాని క్యాన్సర్ కాదు, చాలామందికి కాన్పు తర్వాత అదే పోతుంది. తగ్గిపోతుంది కదా అని వదిలేయకూడదా అని అడిగాను. అమ్మ వైపు చరిత్ర ఉంది కాబట్టి చిగురు లోపలికి దిగిన గారను, అంటే గట్టిపడిన పాచిని, ఇప్పుడే తీయాలి, హార్మోన్లు నిప్పు పెట్టవు, ఉన్న నిప్పును రాజేస్తాయి అన్నారు.

ఇక మా అత్తగారి సిద్ధాంతం. బిడ్డ తల్లి పళ్లలోంచి సున్నం లాక్కుంటుంది, అందుకే కాన్పుకో పన్ను పోతుంది. ఆవిడకు నలుగురు పిల్లలు, పోయిన పళ్లు కూడా నాలుగే. లెక్క సరిపోయిందని ఆవిడ ఎంత నమ్మకంగా చెప్పారంటే నేను కూడా ఒక్క క్షణం తలూపాను. డాక్టరు గారు ఎగతాళి చేయలేదు. ‘పళ్లు పోయిన మాట నిజమేనమ్మా’ అని ఒప్పుకుని, బాలింతగా ఉన్నప్పుడు పళ్లు తోముకోనిచ్చారా అని అడిగారు. చిగుళ్లకు గాలి తగులుతుందని వేపపుల్ల ముట్టనివ్వలేదట, పైగా రోజంతా ఆకూ వక్కా. ఒకసారి గట్టిపడిన పన్నులోంచి కాల్షియం తిరిగి రక్తంలోకి రాదు. బిడ్డకు కావలసింది తల్లి తినే తిండి నుంచి పోతుంది, అది చాలకపోతే ఎముకల నుంచి పోతుంది. అందుకని పాలు, పెరుగు, రాగులు, గైనకాలజిస్టు రాసిన కాల్షియం మాత్రలు మానవద్దు అన్నారు. అత్తగారు పూర్తిగా ఒప్పుకోలేదు. ఇంటికొచ్చాక నా కంచంలో పెరుగు మాత్రం రెట్టింపయింది.

వేవిళ్ల గురించి చెప్పిన మాట ఎక్కువమందికి పనికొస్తుంది. వాంతితో పాటు కడుపులోని ఆమ్లం పళ్ల మీదికి వచ్చి ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. వెంటనే బ్రష్ చేస్తే ఆ మెత్తబడిన పొర అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో ఒక టీస్పూను తినే సోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయాలి, బ్రష్‌ను కనీసం అరగంట ఆపాలి. నోట్లో పుల్లగా ఉండాలని పచ్చిమామిడి, చింతకాయ చప్పరిస్తూ కూర్చోవడం కూడా తగ్గించమన్నారు. మామిడికాయల కాలంలో గర్భిణికి చెప్పాల్సిన మాట కాదది, అయినా చెప్పారు.

పని విషయానికి వస్తాను. మొదట చిగుళ్లు శుభ్రం చేశారు, తర్వాత ఇంకొక రోజున పిప్పి పన్ను నింపారు. కుర్చీని పూర్తిగా వాల్చలేదు. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెనకనున్న పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరగవచ్చని, కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి కాస్త ఎడమకు ఒరిగేలా కూర్చోబెట్టారు. మధ్యమధ్య లేపి నడవమన్నారు, బాత్రూముకు వెళ్లిరమ్మన్నారు. గార తీసే యంత్రం చప్పుడుకు లోపల బిడ్డ తన్నింది, నేను ఉలిక్కిపడ్డాను, ఆవిడ ఆపి నీళ్లిచ్చారు. ఫిల్లింగ్‌కు ముందు ఒక్క ఎక్స్‌రే తీశారు, పొట్ట మీద, గొంతు చుట్టూ సీసపు కవచం కప్పి. నాకు భయమేసి ఇంట్లో వెతికి చదివాను. గర్భిణులకు పళ్ల ఎక్స్‌రే, చోటు మొద్దుబార్చే సూది ప్రమాదం కాదని, పళ్ల వైద్యం వాయిదా వేయవద్దని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2013లోనే చెప్పింది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అయితే కుర్చీలో కూర్చోవడం సులువు, నొప్పి, వాపు ఉంటే ఏ నెలైనా ఆగకూడదు. నొప్పికి పారాసెటమాల్ మాత్రమే రాశారు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ఇబుప్రొఫెన్ లాంటివి వద్దన్నారు. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ మందులు ఈ నెలల్లో వాడితే బిడ్డ పాలపళ్లకు రంగు పడుతుందని, అవి ఎవరు రాసినా తీసుకోవద్దని చీటీ మీదే రాసిచ్చారు. మందు రాసే ముందు నా గైనకాలజిస్టుకు ఫోను చేశారు, నా ఎదురుగానే.

ఖర్చు: చూసినందుకు 300, చిగుళ్లు శుభ్రం చేసినందుకు 1,200, ఫిల్లింగ్‌కు 1,000, ఎక్స్‌రేకు 200. ఒంగోలుకు ఇది తక్కువేమీ కాదు. ముందే కాగితం మీద రాసిచ్చారు, చివర్లో ఒక్క రూపాయి పెరగలేదు.

ఇప్పుడు ఫిర్యాదులు. సాయంత్రం వెళ్తే సమయం ఇచ్చినా గంటకు పైగా కూర్చోవాల్సిందే, ఆ కూర్చునే బల్లలకు ఆనుకోవడానికి ఏమీ ఉండదు. బిల్లు దగ్గర కూర్చునే అమ్మాయి నా చారల పళ్లు చూసి పళ్లకు పైపెంకులు తొడిగే ప్యాకేజీ గురించి చెప్పడం మొదలుపెట్టింది, అదీ నెలవారీ వాయిదాలతో. లోపల డాక్టరు గారేమో తెల్లబరిచే పనులన్నీ కాన్పయ్యాకే చూద్దాం, మీకు ఇబ్బంది లేకపోతే అసలు చేయించుకోనక్కర్లేదు అన్నారు. గది లోపల ఒక మాట, బల్ల దగ్గర ఇంకో మాట ఉండకూడదు.

వేచి ఉండే గదిలో ఒక పెద్ద పోస్టరు ఉంది. చిగుళ్లు శుభ్రం చేయించుకోకపోతే నెలలు నిండకముందే కాన్పు అవుతుందని, పక్కన ఏడుస్తున్న తల్లి బొమ్మ. చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో అలాంటి కాన్పులు ఎక్కువ కనిపించాయన్నది నిజం. కాని 2006లో అమెరికాలో 823 మంది గర్భిణుల మీద జరిగిన అధ్యయనంలో చిగుళ్లకు వైద్యం చేసినా ఆ కాన్పులు తగ్గలేదు, చిగుళ్లు బాగుపడ్డాయి, వైద్యం వల్ల హాని కలగలేదు. రక్తం ఆగడానికి, నొప్పి లేకుండా తినడానికి వైద్యం చేయించుకోమంటే చాలదా? కడుపుతో ఉన్నవాళ్లను భయపెట్టి కూర్చోబెట్టడమెందుకు? ఇది డాక్టరు గారితో అన్నాను. పోస్టరు కంపెనీ వాళ్లు ఇచ్చిందని చెప్పారు. రెండోసారి వెళ్లినప్పుడు కూడా అది అక్కడే ఉంది.

బిడ్డ పుట్టాక చేయవలసినవి కూడా రాసిచ్చారు. పిప్పి పళ్లకు కారణమయ్యే సూక్ష్మజీవులు ఎక్కువగా తల్లి ఎంగిలి నుంచే బిడ్డకు చేరతాయట. అన్నం నోట్లో పెట్టుకుని వేడి చూసి అదే బిడ్డకు పెట్టడం, కింద పడిన పాలపీకను మనం చప్పరించి ఇవ్వడం వద్దు. అమ్మ పళ్లు పిప్పి, బిడ్డ పళ్లు పిప్పి అయితే చుట్టాలు మళ్లీ వంశం అంటారు, అది వచ్చింది చెంచా మీద. అందుకే కాన్పుకు ముందే నా పన్ను నింపారు, మా ఆయన్ను కూడా ఒకసారి చూపించుకోమన్నారు. ఆయన మెట్లు ఎక్కువని వాయిదా వేస్తున్నారు. కడుపు మోస్తూ ఎక్కినదాన్ని నేను, మెట్లు ఎక్కువట ఆయనకు.

పుట్టింట్లో కాన్పు, ఆ తర్వాత కొన్ని నెలలు అక్కడే అనుకున్నాం కాబట్టి నీళ్ల మాట మళ్లీ వచ్చింది. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ, తల్లి తాగే నీళ్లలో ఎక్కువున్నా పాలలోకి పెద్దగా రాదు. చిక్కంతా డబ్బా పాలు ఆ బోరు నీళ్లతో కలిపినప్పుడు, తర్వాత ఉగ్గు ఆ నీళ్లతో కాచినప్పుడు. నీళ్లు పరీక్ష చేయించమని ఆసుపత్రి వాళ్లు చెప్పారు కాని ఎక్కడో చెప్పలేదు, అది నేనే కనుక్కోవాల్సి వచ్చింది. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి ప్రయోగశాలలో చేస్తారు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో లీటరు నీళ్లు పట్టుకెళ్తే చాలు. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటింది. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, చుట్టాల గ్రూపులో పెట్టేశారు.

వెళ్లదలచుకున్నవారు ఉదయం పూటే వెళ్లండి, రద్దీ తక్కువ. గర్భిణుల పరీక్షల పుస్తకం, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి, అవి లేకపోతే వెనక్కి పంపుతారు. అమ్మానాన్నల పళ్ల సంగతులు ముందే ఫోను చేసి కనుక్కోండి, అక్కడికి వెళ్లాక గుర్తు తెచ్చుకోవడం కష్టం. ఆదివారం మధ్యాహ్నం దాకే ఉంటారు. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, ఆటోలో వెళ్లడమే మేలు.